ముప్పై గీతల మనిషి

పోయిన ఏడాది మన ఫెస్ట్ రెండో రోజు సాయంత్రం మీలో చాలామంది సెమినార్ హాల్లో కూర్చుని, ఆడిటోరియంలో జరుగుతున్న డాన్సులు తెర మీద చూశారు. ఆ తెర మధ్యాహ్నం మూడింటి దాకా నల్లగానే ఉందని మీకు తెలీదు. టెక్నికల్ టీంలో ఉన్న మా ఆరుగురికే తెలుసు.

ఆడిటోరియం కెమెరా దగ్గర్నుంచి సెమినార్ హాల్ ప్రొజెక్టర్ దాకా మెట్లు, వరండాలు కలుపుకుంటే నూట యాభై మీటర్ల పైనే. మా చేతిలో ఉన్నది హెచ్‌డీఎంఐ కేబుల్. మామూలు రాగి కేబుల్ పది పదిహేను మీటర్లు దాటితే మొరాయిస్తుందని పుస్తకంలో చదివాం గానీ నమ్మలేదు. జాయింటర్లు పెట్టి మూడు కేబుళ్లు కలిపాం. ముందు తెర మీద చుక్కలు చుక్కలుగా వచ్చింది. తర్వాత అదీ పోయింది.

అప్పుడు నేను మా నాన్నకి ఫోన్ చేశాను. మా నాన్న ఇక్కడే, ఇబ్రహీంపట్నం, కొండపల్లి వైపు కేబుల్ ఆపరేటర్. బండి మీద వెనకాల ఒక ఫైబర్ డ్రమ్ము కట్టుకుని, పెళ్లిళ్లకి ఎల్‌ఈడీ తెరలు పెట్టే స్నేహితుడి దగ్గర రెండు చిన్న డబ్బాలు అడిగి తీసుకుని వచ్చాడు. ఒకటి ట్రాన్స్‌మిటర్, ఇంకోటి రిసీవర్. కెమెరా దగ్గర ఒకటి, ప్రొజెక్టర్ దగ్గర ఒకటి, మధ్యలో వెంట్రుకంత గాజు పోగు ఉన్న సన్నటి తీగ. అరగంటలో బొమ్మ వచ్చేసింది. ఒక్క చుక్క లేదు.

ఆ రాత్రి ఒక జూనియర్ నన్ను అడిగాడు, వీడియోని వెలుతురుగా మార్చి గాజులోంచి పంపాలని మొదట ఎవరికి తోచిందని. నాకు తెలీదు. ఏదో ఒకటి చెప్పి తప్పించుకున్నాను. తర్వాత వెతికితే దొరికిన పేరు చూసి నవ్వొచ్చింది. మనందరం మూడో తరగతి జీకే పుస్తకంలో బట్టీ పట్టిన పేరే అది. టెలివిజన్ కనిపెట్టినవాడెవరు అంటే రాసే ఒక్క మార్కు జవాబు. జాన్ లోగీ బెయిర్డ్.

క్లబ్ వాళ్లు ఈసారి ఒక జీవితం గురించి రాయమన్నారు కాబట్టి ఆయన గురించే రాస్తున్నాను. పదో తరగతి దాకా ఇంగ్లిష్ మీడియం, తెలుగు మనకి సెకండ్ లాంగ్వేజ్, అదీ పాస్ మార్కుల కోసం. తప్పులుంటే సర్దుకోండి.

బెయిర్డ్ 1888 ఆగస్టు 13న స్కాట్లండ్‌లో, గ్లాస్గో దగ్గర హెలెన్స్‌బరా అనే సముద్రపు ఒడ్డు ఊళ్లో పుట్టాడు. తండ్రి చర్చి పాస్టరు. నలుగురు పిల్లల్లో ఈయన ఆఖరివాడు. చిన్నప్పుడే పెద్ద జబ్బు చేసింది. అప్పట్నుంచి జీవితమంతా జలుబు, దగ్గు, జ్వరం ఆయన వెంటే తిరిగాయి. ఆయన జీవితంలో ఏ మలుపు చూసినా దాని వెనక ఒక జబ్బు ఉంటుంది. ఉద్యోగం మారడం జబ్బు వల్ల, ఊరు మారడం జబ్బు వల్ల, ఆఖరికి టెలివిజన్ మొదలుపెట్టడం కూడా జబ్బు వల్లే.

స్కూల్లో ఉన్నప్పుడే ఇంట్లో సొంతంగా టెలిఫోన్ ఎక్స్‌చేంజి పెట్టాడు. తన గది నుంచి స్నేహితుల ఇళ్లకి వీధి మీదుగా తీగలు లాగాడు. ఒక గాలివాన రాత్రి ఒక తీగ కిందికి జారి, గుర్రబ్బండి తోలుతున్న మనిషికి తగిలి, ఆయన సీటు మీంచి కింద పడ్డాడు. దాంతో ఎక్స్‌చేంజి మూతపడింది. ఈ సంగతి నాన్నకి చెబితే చాలాసేపు నవ్వాడు. రింగ్ సెంటర్లో లారీలు తెంపేసిన కేబుళ్లు ఆయన జీవితంలో ఎన్నో. టెలిఫోన్ పోతే పోయిందని బెయిర్డ్ ఇంటికి సొంతంగా కరెంటు దీపాలు పెట్టుకున్నాడు.

తర్వాత గ్లాస్గోలో టెక్నికల్ కాలేజీ, మధ్యమధ్యలో ఫ్యాక్టరీల్లో అప్రెంటిస్ పని, ఆ తర్వాత గ్లాస్గో యూనివర్సిటీ. మొదటి ప్రపంచయుద్ధం వచ్చి చదువు ఆగిపోయింది. మళ్లీ వెళ్లి పూర్తి చెయ్యలేదు. అంటే డిగ్రీ లేదు. బ్యాక్‌లాగులున్న నా స్నేహితులు దీన్ని పట్టుకుని గంతులు వెయ్యకండి, మిగతాది కూడా చదవండి. సైన్యంలో చేరతానని వెళ్తే పనికిరావన్నారు. క్లైడ్ వ్యాలీ కరెంటు కంపెనీలో ఉద్యోగం దొరికింది. రాత్రీ పగలూ అనకుండా చలిలో, వానలో లైన్ల ఫాల్టులు చూసుకునే పని.

అక్కడ ఆయనకి వజ్రాలు తయారుచెయ్యాలని ఆలోచన వచ్చింది. కార్బన్ కడ్డీని కాంక్రీటులో పెట్టి, కంపెనీ లైన్‌లోంచే ఒక్కసారిగా బోలెడంత కరెంటు దాంట్లోకి పంపాడు. వజ్రం రాలేదు, గ్లాస్గోలో కొంత భాగం చీకటైపోయింది. మన వీటీపీఎస్‌లో ఒక ఉద్యోగి ఈ పని చేస్తే ఏమవుతుందో ఊహించుకోండి.

ఆ తర్వాత కొన్నేళ్లు ఆయన చేసినవి చదువుతుంటే ఒక ఇంజినీరు జీవితం చదువుతున్నట్టు ఉండదు, సంతలో రకరకాల సరుకులు మార్చుకుంటూ కూర్చున్న మనిషి కథలా ఉంటుంది. కాళ్లు ఎప్పుడూ చల్లగా ఉంటున్నాయని మామూలు సాక్సు కింద వేసుకునే ఇంకో సాక్సు తయారుచేసి అమ్మాడు. అది బాగా అమ్ముడుపోయింది. ఆ డబ్బులతో 1919లో ట్రినిడాడ్ వెళ్లాడు. అక్కడ పంచదార, పళ్లు చవక కాబట్టి జామ్ ఫ్యాక్టరీ పెట్టాడు. జామపండు జెల్లీ, మామిడికాయ చట్నీ కూడా వండాడు. అడవి పక్కన పెద్ద గంగాళంలో పాకం మరుగుతుంటే ఆ తీపి వాసనకి పురుగులు దండులా వచ్చి అందులో పడ్డాయి. ఆవకాయ పెట్టేటప్పుడు మా అమ్మమ్మ ఈగ వాలకుండా చూసే కాపలా నాకు తెలుసు కాబట్టి ఈ వ్యాపారం ఎందుకు మునిగిందో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. జ్వరంతో తిరిగొచ్చాడు. లండన్‌లో సబ్బుల వ్యాపారం చేశాడు. మళ్లీ జబ్బు.

1923లో, ముప్పై నాలుగేళ్ల వయసులో, ఒళ్లు బాగుపడుతుందని ఇంగ్లండ్ దక్షిణ తీరంలో ఉన్న హేస్టింగ్స్ అనే ఊరికి చేరాడు. చేతిలో డబ్బు పెద్దగా లేదు, ఉద్యోగం లేదు. తుప్పు పట్టకూడదని గాజుతో షేవింగ్ కత్తి చేశాడు, అది పగిలి మొహం కోసుకుంది. టైర్లలా గాలి నింపిన బూట్లు చేశాడు, అవి పేలిపోయాయి. అప్పుడు మొదలుపెట్టాడు టెలివిజన్.

ఇక్కడ కొంచెం టెక్నికల్. కానీ ఇది తెలీకపోతే మిగతాది అర్థం కాదు.

1884లో పాల్ నిప్కోవ్ అనే జర్మన్ విద్యార్థి ఒక పేటెంటు రాశాడు. మన వయసు కంటే మూడు నాలుగేళ్లు పెద్ద, అంతే. ఒక గుండ్రటి పళ్లెం, అంచు నుంచి లోపలికి నత్త గుల్ల మీద గీతలా వరసగా చిన్న చిన్న రంధ్రాలు. ఆ పళ్లెం తిరుగుతుంటే ఒక్కో రంధ్రం బొమ్మ మీద ఒక్కో గీత గీసినట్టు వెళ్తుంది. ఒక చుట్టు పూర్తయ్యేసరికి బొమ్మ మొత్తం గీతలుగా తడిమేసినట్టు. ఆ రంధ్రంలోంచి వచ్చే వెలుగు ఎక్కువా తక్కువా అనేదాన్ని ఫొటోసెల్ కరెంటుగా మారుస్తుంది. అవతలి వైపు ఆ కరెంటుతో ఒక దీపం మినుకు మినుకుమంటుంది. దీపం ముందు అలాంటిదే ఇంకో పళ్లెం, సరిగ్గా అదే వేగంతో తిరుగుతూ ఉంటే కంటికి బొమ్మ కనపడుతుంది. రెండు పళ్లాలూ తాళం తప్పాయా, బొమ్మ జారిపోతుంది. నాన్న తెచ్చిన రెండు డబ్బాల్లో జరిగేది కూడా మూలంలో ఇదే. బొమ్మని వరసగా అంకెలు చేసి, వరసగా పంపి, అవతల అదే తాళంలో పేర్చుకోవడం. నిప్కోవ్ దీన్ని ఎప్పుడూ కట్టలేదు, పేటెంటు కూడా వదిలేశాడు. ఆ రోజుల్లో అంత బలహీనమైన కరెంటుని పెంచే ఆంప్లిఫయర్ లేదు. బెయిర్డ్ నాటికి రేడియో వాల్వులు వచ్చాయి. ఆయన చేసిందల్లా ఈ రెండింటినీ కలిపి, పని చేసేదాకా వదలకపోవడం.

సామాన్లు కొనడానికి డబ్బుల్లేవు. టీ పొడి వచ్చే చెక్కపెట్టె, టోపీలు పెట్టుకునే అట్టపెట్టె, కుట్టుసూదులు, సైకిల్ దీపం కటకాలు, లక్క, జిగురు. వీటితో కట్టాడు. 1924 మొదట్లో బొమ్మల నీడలు పంపగలిగాడు. అదే ఏడాది జూలైలో వెయ్యి వోల్టుల షాక్ కొట్టింది. చెయ్యి కాలి బతికి బయటపడ్డాడు గానీ ఇంటి ఓనరు ఖాళీ చెయ్యమన్నాడు. సామాను లండన్‌కి, సోహోలో ఫ్రిత్ స్ట్రీట్ 22 నంబరు ఇంటి పైగదికి మార్చాడు. ప్రచారం కోసం ఒక పత్రికాఫీసుకి వెళితే ఎవరో పిచ్చివాడు వచ్చాడనుకుని భయపడ్డారట. 1925 మార్చిలో సెల్ఫ్‌రిడ్జెస్ అనే పెద్ద దుకాణంలో మూడు వారాలు తన యంత్రాన్ని జనానికి చూపించాడు. కడుపు కోసం చేసిన పని అది. అప్పటికీ కనపడేవి నీడలే, మొహాలు కాదు.

మొహం కోసం ఆయనకి ఒక బొమ్మ కావాల్సొచ్చింది. ఎందుకంటే అప్పటి ఫొటోసెల్‌కి చాలా వెలుగు కావాలి, ఆ దీపాల వేడి ముందు మనిషి కూర్చోలేడు. అందుకని వెంట్రిలాక్విజం చేసేవాళ్ల దగ్గరుండే ఒక బొమ్మ తలకాయ తెచ్చుకున్నాడు. పేరు స్టూకీ బిల్. తెల్లటి మొహం, గట్టి రంగులు, నల్లటి గీతలతో కళ్లు, నోరు. దాని ఫొటో మొదటిసారి చూసినప్పుడు నాకు మన కొండపల్లి బొమ్మలే గుర్తొచ్చాయి. తెల్ల పొణికి చెక్క తల మీద చింతగింజల మక్కు పట్టించి, కళ్లు దిద్దిన మొహం ఉంటుంది చూడండి, దూరం నుంచి చూసినా కవళికలు తెలిసేలా. బెయిర్డ్ యంత్రానికి సరిగ్గా అలాంటి మొహమే కావాలి. రోజుల తరబడి ఆ వేడికి బొమ్మ జుట్టు కమిలిపోయింది, మొహం రంగు పగుళ్లు వేసింది.

1925 అక్టోబర్ 2న ఆ పైగదిలో స్టూకీ బిల్ మొహం, కళ్లూ ముక్కూ నీడా వెలుగూ అన్నిటితో, అవతలి తెర మీద కనపడింది. ముప్పై దాకా గీతలు. సెకనుకి ఐదు బొమ్మలు. బెయిర్డ్ పరుగెత్తుకుంటూ కిందికి వెళ్లి, కింద ఆఫీసులో పని చేసే విలియమ్ టేంటన్ అనే ఇరవై ఏళ్ల కుర్రాణ్ణి దాదాపు లాక్కొచ్చి దీపాల ముందు కూర్చోబెట్టాడు. పక్కకి వెళ్లి చూస్తే తెర ఖాళీ. ఏమైందని వస్తే వేడికి, వెలుగుకి భయపడి కుర్రాడు వెనక్కి జరిగిపోయాడు. అర క్రౌను చేతిలో పెట్టి బతిమాలితే మళ్లీ కూర్చున్నాడు. టెలివిజన్‌లో కనపడిన మొదటి మనిషిగా చాలా పుస్తకాల్లో ఉండేది ఆ కుర్రాడే. మొదటి పారితోషికం కూడా ఆయనకే అన్నమాట.

1926 జనవరి 26న రాయల్ ఇన్‌స్టిట్యూషన్ సభ్యులు, టైమ్స్ పత్రిక విలేకరి ఆ ఇరుకు మెట్లెక్కి వచ్చి చూశారు. బయటివాళ్ల ముందు నిజమైన టెలివిజన్ నడిచిన రోజు అని ఇప్పటికీ ఈ తేదీనే చెబుతారు.

ఇక నేను ఈ వ్యాసం మొదలుపెట్టడానికి కారణమైన కాగితం. అదే ఏడాది అక్టోబర్‌లో బెయిర్డ్ ఒక పేటెంటుకి దరఖాస్తు చేశాడు. సన్నటి గొట్టాలు గానీ, గాజు లాంటి పారదర్శకమైన కడ్డీలు గానీ తేనెపట్టులా కట్టగా పేర్చితే, ఒక వైపు పడిన బొమ్మ చుక్కలు చుక్కలుగా విడిపోయి ఒక్కో కడ్డీలోంచి ఒక్కో చుక్క ప్రయాణించి అవతలి వైపు మళ్లీ బొమ్మగా కనపడుతుందని దాని సారాంశం. కడ్డీలు వంగినా ఫర్వాలేదన్నాడు. 1928లో పేటెంటు అచ్చయింది, నంబరు 285738.

దీన్ని పట్టుకుని ఫైబర్ ఇంటర్నెట్ కూడా బెయిర్డే కనిపెట్టాడని రాస్తే అది వాట్సాప్ ఫార్వర్డ్ అవుతుంది. ఆయన కట్టకీ మన ఫైబర్‌కీ తేడా ఉంది. ఆయనది చుక్కకో పోగు. మనది ఒకటే పోగు, మధ్యలో వెలుతురు వెళ్లే దారి తొమ్మిది మైక్రాన్లు, అందులో లేజర్ సెకనుకి కోట్లసార్లు వెలిగి ఆరుతూ బిట్లు పంపుతుంది. ఆయన ఆలోచనకి నేరుగా వారసుడు ఆసుపత్రిలో కడుపులోకి పంపే ఎండోస్కోపు. 1930లో హైన్రిక్ లామ్ అనే మెడికల్ విద్యార్థి మ్యూనిక్‌లో నిజంగానే గాజు పోగుల కట్టలోంచి ఒక బల్బు ఫిలమెంటు బొమ్మ పంపించి చూపించాడు. కానీ వీడియో పంపే పనిలో ఉన్న మనిషికి, పళ్లెం గిరగిరా తిరగకుండా గాజులోంచి బొమ్మని తీసుకెళ్లొచ్చని 1926లోనే తోచడం, దాన్ని కాగితం మీద పెట్టడం, నాకు ఆశ్చర్యంగానే ఉంది. తోచి కూడా పక్కన పెట్టేశాడు. అప్పటి గాజులో వెలుతురు కొన్ని మీటర్లకే చచ్చిపోయేది. పోగు చుట్టూ ఇంకో గాజు పొర వేస్తే వెలుతురు బయటికి కారదని తెలుసుకోవడానికి 1950ల దాకా ఆగాలి. పళ్లెం మాత్రం ఆ రోజే పని చేస్తోంది. ఆయన పళ్లాన్నే నమ్ముకున్నాడు.

1927లో లండన్ నుంచి గ్లాస్గోకి 438 మైళ్లు మామూలు టెలిఫోన్ తీగ మీద బొమ్మ పంపాడు. 1928 ఫిబ్రవరిలో రేడియో మీద అట్లాంటిక్ దాటించి న్యూయార్క్ దగ్గరికి పంపాడు. అదే ఏడాది జూలైలో రంగుల బొమ్మ చూపించాడు. చదువుతుంటే ఊపిరాడదు. టెలిఫోన్ తీగ మీద వీడియో ఎలా వెళ్లిందని నేను లెక్క వేశాను. ముప్పై గీతలు, గీతకి సుమారు 70 చుక్కలు, సెకనుకి పన్నెండున్నర బొమ్మలు. అంటే సెకనుకి 26 వేల పైచిలుకు చుక్కలు. ఫెస్ట్ రోజు మేం పంపింది సెకనుకి 60 ఫ్రేములు, 1920 ఇంటూ 1080. అంటే సెకనుకి 12 కోట్ల 44 లక్షల చుక్కలు, చుక్కకి 24 బిట్లు వేసుకుంటే దాదాపు మూడు గిగాబిట్లు. సుమారు 4,700 రెట్లు. బెయిర్డ్ బొమ్మ తీగకి సరిపోయేంత చిన్నది కాబట్టి వెళ్లింది. బొమ్మ పెద్దదైతే పళ్లెం సరిపోదు, తీగా సరిపోదు. ఆయన కథంతా ఇక్కడ్నుంచి ఈ లెక్క మీదే నడుస్తుంది.

1929 సెప్టెంబర్ 30న బీబీసీ ట్రాన్స్‌మిటర్ నుంచి ఆయన ప్రసారాలు మొదలయ్యాయి. ట్రాన్స్‌మిటర్ ఒక్కటే ఉండటంతో బొమ్మ, మాట ఒకేసారి వెళ్లేవి కాదు. ముందు ఒకటి, తర్వాత ఇంకోటి. మనిషి మూగగా పెదాలు కదిపాక అదే మాట చీకట్లో వినపడేది. మరుసటి ఏడాది మార్చిలో రెండో ట్రాన్స్‌మిటర్ వచ్చాక గానీ రెండూ కలవలేదు. ఇళ్లలో చూసే సెట్టు పేరు టెలివైజర్. నియాన్ దీపం కాబట్టి బొమ్మ ఎర్రగా, నారింజ రంగులో, అరచేతి కంటే చిన్నగా ఉండేది. 1931లో డెర్బీ గుర్రప్పందేల్ని ప్రసారం చేశారు. ఆ ఏడాదే న్యూయార్క్‌లో మార్గరెట్ ఆల్బు అనే పియానో కళాకారిణిని పెళ్లి చేసుకున్నాడు.

ఈలోపు వేరేచోట్ల వేరే మనుషులు పళ్లెం లేకుండా, కదిలే భాగమే లేకుండా, ఎలక్ట్రాన్లతో బొమ్మని తడిమే కెమెరా కడుతున్నారు. అమెరికాలో ఫిలో ఫార్న్స్‌వర్త్ 1927లో, ఇరవై ఒక్కేళ్ల వయసులో, ఎలక్ట్రానిక్ బొమ్మ పంపాడు. ఇంగ్లండ్‌లో ఈఎంఐ కంపెనీలో ఐజాక్ షోన్‌బర్గ్ టీం 405 గీతల దాకా వెళ్లింది. 1933లో బెయిర్డ్ పేరుతో ఉన్న కంపెనీయే ఆయన్ని పెత్తనం నుంచి పక్కకి జరిపింది.

1935లో బ్రిటన్ ప్రభుత్వ కమిటీ ఒకటి, ఇక మీదట హై డెఫినిషన్ టెలివిజన్ ఉండాలని, దానికి కనీసం 240 గీతలు కావాలని తేల్చింది. అవును, హై డెఫినిషన్ అనే మాట అప్పటిదే. మనం టీవీ డబ్బా మీద స్టిక్కరు చూసి కొత్త మాట అనుకుంటాం. 1936 నవంబర్ 2న అలెగ్జాండ్రా ప్యాలెస్ నుంచి బీబీసీ హై డెఫినిషన్ ప్రసారాలు మొదలయ్యాయి. ఒక వారం బెయిర్డ్ కంపెనీ 240 గీతలు, ఒక వారం మార్కోనీ-ఈఎంఐ వాళ్ల 405 గీతలు. ఎవరు ముందు అని బొమ్మా బొరుసూ వేస్తే బెయిర్డ్ వైపు గెలిచింది. గెలిచింది అదొక్కటే. స్టూడియోలో వాళ్ల పద్ధతి ఏంటో తెలుసా? ముందు సినిమా కెమెరాతో ఫిల్మ్ తీసి, కెమెరా కిందే ఉన్న తొట్లలో ఆ ఫిల్మ్‌ని అప్పటికప్పుడు కడిగి, తడి ఆరకుండానే స్కాన్ చేసి పంపడం. లైవ్ అని చెప్పేది దాదాపు నిమిషం ఆలస్యం. కెమెరాని నేలకి బిగించేశారు, కదలదు. అవతలి వాళ్ల కెమెరా చక్రాల మీద తిరుగుతోంది. ఫార్న్స్‌వర్త్ కెమెరాని కూడా తెచ్చుకుని ప్రయత్నించారు గానీ నవంబర్ 30 రాత్రి క్రిస్టల్ ప్యాలెస్ తగలబడిపోయింది. కంపెనీ ల్యాబులు అందులోనే ఉన్నాయి. 1937 ఫిబ్రవరికల్లా బీబీసీ బెయిర్డ్ పద్ధతిని పూర్తిగా ఆపేసింది. టెలివిజన్ మొదలుపెట్టిన మనిషి నలభై ఎనిమిదేళ్లకి టెలివిజన్ బయట నిలబడ్డాడు.

ఇక్కడి దాకా చదివాక నేను ఈ వ్యాసం మొదటి డ్రాఫ్ట్ రాశాను. మొండితనం వల్ల ఓడిపోయాడు, పళ్లాన్ని పట్టుకుని వేలాడాడు, అని కోపంగా రాశాను. ఆ కోపం నిజానికి బెయిర్డ్ మీద కాదు.

మా నాన్న 1998లో కేబుల్ మొదలుపెట్టాడు. డిష్షు, మాడ్యులేటర్లు, నల్లటి కోయాక్సియల్ కేబుల్, ప్రతి కొన్ని స్తంభాలకీ ఒక ఆంప్లిఫయర్. రాగి తీగలో సిగ్నల్ నీరసపడుతుంది, ఆంప్లిఫయర్ దాన్ని లేపుతుంది, దాంతోపాటు గరగరనీ లేపుతుంది. లైను చివరి ఇళ్లలో తెర మీద పురుగులు. వీధిలో కరెంటు పోతే ఆంప్లిఫయర్ ఆగి, పైవీధిలో సీరియల్ ఆగి, మా ఇంటికి ఫోన్లు. వాటిని ఆయన చెవితో, వేళ్లతో రిపేరు చేసేవాడు. 2017 డిసెంబర్ 27న రాష్ట్రపతి కోవింద్ ఇక్కడ అమరావతిలో ఏపీ ఫైబర్ గ్రిడ్ ప్రారంభించారు. కరెంటు స్తంభాల మీదుగానే వేల కిలోమీటర్ల ఫైబర్, నెలకి 149 రూపాయలకి ఇంటర్నెట్, ఫోను, టీవీ చానళ్లు. ఇళ్లకి ఇచ్చేది స్థానిక కేబుల్ ఆపరేటర్లే. తోటి ఆపరేటర్లు కొందరు మారిపోయారు. నాన్న మారలేదు. గాజు తీగ కోతి లాగితే విరుగుతుంది, స్ప్లైసింగ్ మెషిన్ లక్షల్లో ఉంది, నా కేబుల్ నాకు చాలని కూర్చున్నాడు. ఏడాదిన్నరలో ఆరు వందల కనెక్షన్లు రెండు వందలకి వచ్చాయి. ఇంట్లో ఆ ఏడాది ఎలా గడిచిందో ఇక్కడ రాయను. నాకప్పుడు పన్నెండేళ్లు. ఆయన మొండితనం వల్లే ఇదంతా అని నేను ఒకసారి మొహం మీదే అనేశాను.

బెయిర్డ్ గురించి మిగతా సగం చదవకుండా డ్రాఫ్ట్ రాసినట్టే అది కూడా.

1939లో యుద్ధం మొదలై టెలివిజన్ ఆగిపోయింది, కంపెనీ దివాలా తీసింది. బెయిర్డ్ లండన్‌లో సిడెన్‌హామ్‌లోని ఇంట్లో సొంత డబ్బులతో, ఒకరిద్దరు సహాయకులతో, బాంబులు పడుతుంటే పని చేసుకున్నాడు. 1941లో 600 గీతల రంగుల టెలివిజన్ చూపించాడు. 1944 ఆగస్టులో టెలీక్రోమ్ అనే పిక్చర్ ట్యూబు చూపించాడు. అందులో తిరిగే పళ్లెం లేదు. రెండు ఎలక్ట్రాన్ గన్నులు, మధ్యలో రెండు వైపులా రంగు పూసిన తెర. పూర్తిగా ఎలక్ట్రానిక్. పళ్లెం పట్టుకుని వేలాడాడని నేను తిట్టిన మనిషి యాభై ఆరేళ్ల వయసులో, జబ్బు ఒంటితో, పళ్లెం పక్కన పడేసి రంగుల ట్యూబు కట్టాడు. యుద్ధం తర్వాత టెలివిజన్ ఎలా ఉండాలో తేల్చే హ్యాంకీ కమిటీ ముందుకి వెళ్లి వెయ్యి గీతల రంగుల టెలివిజన్ కావాలని చెప్పాడు. కమిటీ కూడా వెయ్యి గీతల లెక్కనే ఒప్పుకుంది. డబ్బుల్లేక, పాత పరికరాలు ఉన్నాయి కదా అని దేశం 405 దగ్గరే ఆగిపోయింది. ఇప్పుడు మన ఫుల్ హెచ్‌డీ 1080 గీతలు. ఆయన అడిగిన దానికి ఎనభై ఎక్కువ, అంతే.

1946 ఫిబ్రవరిలో పక్షవాతం వచ్చింది. జూన్ 7న బీబీసీ టెలివిజన్ ఏడేళ్ల తర్వాత మళ్లీ మొదలైంది. జూన్ 14న బెక్స్‌హిల్ అనే సముద్రపు ఒడ్డు ఊళ్లో, హేస్టింగ్స్‌కి దగ్గర్లోనే, బెయిర్డ్ చనిపోయాడు. యాభై ఏడేళ్లు. హెలెన్స్‌బరాలో తల్లిదండ్రుల పక్కన పూడ్చారు.

గాజు సంగతి ఆయన తర్వాత ఇరవై ఏళ్లకి తేలింది. 1966లో చార్లెస్ కావో, జార్జ్ హాకమ్ కలిసి, లోపం గాజుది కాదు అందులోని మలినాలది అని, కిలోమీటరుకి 20 డెసిబెల్స్ కంటే తక్కువ నష్టం ఉండే గాజు సాధ్యమే అని లెక్క కట్టారు. 1970లో కార్నింగ్ కంపెనీ 17 దగ్గర తీసింది. ఇప్పుడు నాన్న డ్రమ్ములో ఉన్న పోగులో 1550 నానోమీటర్ల వెలుతురుకి కిలోమీటరుకి 0.2 డెసిబెల్స్ పోతుంది. మా నూట యాభై మీటర్ల ఫెస్ట్ లైను దానికి లెక్కే కాదు.

నాన్న 2019లో మారాడు. అమ్మ గాజులు పెట్టి స్ప్లైసింగ్ మెషిన్ కొన్నాడు. కళ్లద్దాలు పెట్టుకుని, వెంట్రుకంత పోగుల్ని క్లీవర్‌తో కోసి, రెండు కొసలూ కరిగించి అతికించడం నలభై ఆరేళ్లకి నేర్చుకున్నాడు. మొదట్లో పదిలో నాలుగు జాయింట్లు పాడయ్యేవి. చెత్తబుట్ట నిండా గాజు ముక్కలు, చేతి వేళ్లకి గుచ్చుకునేవి.

ఈ వ్యాసం కోసం వెతుకుతుంటే ఇంకో సంగతి దొరికింది. 1927 ప్రాంతంలో బెయిర్డ్ తన టెలివిజన్ సిగ్నల్‌ని మామూలు గ్రామఫోన్ రికార్డుల మీద ఎక్కించి చూశాడు. ఫోనోవిజన్ అని పేరు పెట్టాడు. రికార్డులు మిగిలాయి గానీ వాటిలో బొమ్మని ఆయన సరిగా చూడలేకపోయాడు. 1980లలో డాన్ మెక్‌లీన్ అనే స్కాటిష్ ఇంజినీరు ఆ గీతల శబ్దాన్ని కంప్యూటర్లోకి ఎక్కించి, తాళం తప్పిన చోట్ల ప్రోగ్రాంతో సరిచేసి, బొమ్మని బయటికి తీశాడు. సిగ్నల్ ప్రాసెసింగ్ ఎందుకు నేర్చుకోవాలో మనకి ఏ సిలబస్ కాపీలోనూ ఇంత బాగా రాయలేదు.

పోయిన ఆదివారం ఆ క్లిప్ నాన్నకి ఫోన్లో చూపించాను. ముప్పై గీతల్లో స్టూకీ బిల్ మొహం అటూ ఇటూ ఊగుతూ ఉంటుంది, కొన్ని సెకన్లే. కొండపల్లి బొమ్మలా ఉందని ఆయనే అన్నాడు, నేను చెప్పకముందే. ఏ సంవత్సరం అని అడిగాడు. 1927 అని చెబితే ఇంకోసారి వెయ్యమన్నాడు. రెండోసారి సగంలో ఉండగా ఫెర్రీ దగ్గర లైను తెగిందని ఫోనొచ్చింది. మెషిన్ సంచీ తీసుకుని బండెక్కాడు. నేను కూడా వెనకాల కూర్చున్నాను, టార్చి పట్టుకోవడానికి.